ఊ కొట్టేవాళ్ళు కనపడరు

చిన్నప్పుడు మా నాయినమ్మ కథ చెప్పాలంటే ఒక్కటే షరతు, మేము ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే "ఏందిరా, నిద్రొచ్చిందా?" అని అడిగేది, రాలేదు అంటే మాత్రం ఆమెకు అర్థమయ్యేది, రాక్షసుణ్ణి కొంచెం తొందరగా కథలోకి తెచ్చేది. ఒగ్గు కథలో కూడా చెప్పే ఆయన పక్కన ఊ కొడుతూ, మధ్యమధ్య ప్రశ్నలేస్తూ ఇంకొకాయన ఉంటాడు. మల్లన్న కథ రాత్రంతా నడిచినా జనం లేవకుండా కూర్చున్నారంటే అందులో ఆయన పాలు చాలా ఉంటుంది. వీడియోలు చేసేవాళ్ళకు మాత్రం ఈ ఊ వినపడదు. చూసే మనిషి ఏ బస్సులోనో, పొలం గట్టు మీదో ఉంటాడు, నచ్చకపోతే వేలితో పైకి తోసేస్తాడు, మనకు చప్పుడు కూడా రాదు.

నేను మా నల్లగొండ చుట్టుపక్కల పాత గుళ్ళు, కోటల మీద వీడియోలు చేస్తున్నా. మొదట్లో చేసినవాటిలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఒకటి. కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం అది, మూడు గర్భగుళ్ళలో ఒకదాంట్లో స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా అట్లనే ఉంటుంది. చెప్పడానికి ఇంత మంచి విషయం చేతిలో ఉంచుకుని నేను చేసిందేంటంటే, ముందు లోగో, తర్వాత నమస్కారం, సబ్‌స్క్రైబ్ చేసుకోండి, గంట కొట్టండి, ఆ తర్వాత క్లాక్ టవర్ నుంచి బండి మీద ప్రయాణం, దానికి పాట, ఉదయ సముద్రం కట్ట మీద కాసేపు ఆగడం. నీడ కనపడేసరికి నాలుగో నిమిషం. యూట్యూబ్ స్టూడియోలో ఒక గీత ఉంటుంది, ఏ సెకనులో ఎంతమంది మిగిలారో చూపిస్తుంది, ముప్పై సెకన్ల దగ్గర ఎంతమంది ఉన్నారో విడిగా కూడా చెప్తుంది. నా గీత ముప్పై సెకన్లకే సగం కిందికి దిగింది. నీడ దాకా వచ్చినవాళ్ళు చాలా తక్కువ, అది చూసి నిజంగా బాధేసింది, ఎందుకంటే వెళ్ళిపోయినవాళ్ళకు ఆ గుడి నచ్చక కాదు, అసలు నేను గుడే చూపించలేదు.

సరే అని ఇంకోసారి ఎడిట్ చేసి మొదటి పది సెకన్లలోనే నీడ చూపించా, అది ఎందుకు కదలదో కూడా ఆ వెంటనే చెప్పేశా. ఈసారి మొదటి అర నిమిషం బాగుంది, నిమిషం దాటగానే గీత మళ్ళీ జారింది. తప్పు ఎక్కడుందో రెండు రోజులు ఆలోచిస్తే తట్టింది. ప్రశ్న, జవాబు రెండూ ఒకేచోట పెట్టేస్తే ఇంక కూర్చోవడానికి ఏముంటుంది? మూడోసారి నీడ చూపించి, సూర్యుడు తిరుగుతుంటే నీడ కూడా తిరగాలి కదా అని మాత్రం అడిగి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసిన ముక్కలు వరుసగా పెట్టా. మనం మామూలుగా ఎదురుగా ఉన్న ఏదో ఒక స్తంభం నీడ అనుకుంటాం కాబట్టి ఆ ఊహను కొంచెంసేపు నడవనిచ్చి, తర్వాత చెప్పా, నేరుగా పడే ఎండ కాదు, బయటి నుంచి లోపలికి వచ్చే వెలుతురు చెదిరి పడే తీరు వల్ల అట్లా ఉంటుందని. ఆ గీత చివరిదాకా దాదాపు నిలబడింది.

దాచిపెట్టడం వేరే విషయం. "చివర్లో ఒక రహస్యం చెప్తా, స్కిప్ చేయకండి" అని పదిసార్లు అనడం నాకు నచ్చదు. అడిగిన ప్రశ్నకు ప్రతి నిమిషం ఒక అడుగు దగ్గరికి తీసుకుపోవాలి, లేకపోతే చూసేవాళ్ళ టైం తినేసినట్టే.

గీత పైకి లేచే చోట్లు కూడా ఉంటాయి, అంటే అక్కడ జనం వెనక్కి జరిపి మళ్ళీ చూశారన్నమాట. పాలమూరు పిల్లలమర్రి వీడియోలో నాకు అట్లా ఒకటి వచ్చింది. 2018లో ఆ చెట్టుకు చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. నేను దాన్ని ఒక్క వాక్యంలో దాటేసి, చెట్టు ఎన్ని ఎకరాల్లో పాకిందో, ఎన్ని వందల ఏళ్ళదో చెప్పుకుంటూ పోయా. వయసు దగ్గర వెళ్ళిపోయారు, సీసా దగ్గర వెనక్కి వచ్చారు. చెట్టుకు సెలైన్ ఎక్కించడమనే మాట వింటే మా ఊళ్ళో ఎవరైనా "ఎట్ల ఎక్కిస్తరు?" అనే అడుగుతారు, ఆ ప్రశ్నకు నేను ఆగలేదు.

చాలామంది ఎనిమిది నిమిషాలు దాటాలని సాగదీస్తారు, దాటితే మధ్యలో యాడ్స్ పెట్టుకోవచ్చు కాబట్టి. 2012లో యూట్యూబ్ క్లిక్కుల కన్నా చూసిన సమయానికి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టిన మాట నిజమే, కానీ ఐదు నిమిషాల విషయాన్ని తొమ్మిది చేస్తే ఆ సమయం కూడా మిగలదు. ఇంకొకటి, సౌండ్. కోట మీద గాలికి గొంతు వినపడకపోతే ఎంత మంచి కెమెరా అయినా వృథా, ముందు కాలర్ మైక్ కొనండి, దానికి స్పాంజి తొడగండి.

గీత ఎప్పుడైనా అప్‌లోడ్ చేసిన తర్వాతే వస్తుంది. అందుకే ఇప్పుడు ముందు మా చిన్నమ్మకు చూపిస్తున్నా. నేను ఫోన్ చూడను, ఆమె మొహం చూస్తా, చూపు పొయ్యి దిక్కు మళ్ళిందంటే టైం రాసుకుంటా. మొన్న దేవరకొండ కోట వీడియో చూపిస్తే మూడో నిమిషంలో లేచి పప్పు కలిపొచ్చింది, అక్కడ నేను రాజుల పేర్లు వరుసగా చదువుతున్నా. ఆ నలభై సెకన్లు తీసేశా. అయిపోయాక ఆమె అడిగింది, "కోట ఎక్కినవ్ మంచిగనే ఉంది గానీ బిడ్డా, అంత గుట్ట మీద గన్ని మందికి నీళ్ళు ఏడికెల్లి వచ్చినయ్?"

కోనేళ్ళున్నాయి అక్కడ, నేనే వాటి పక్క నుంచి నడిచొచ్చా, ఒక్క షాట్ కూడా తీయలేదు. వీడియో ఆపేశా, ఆదివారం మళ్ళీ దేవరకొండ పోతున్నా.