బొటనవేలి ముద్రలు చెల్లవన్నారు: చెంగ్డూలో నా రిసర్చ్ అనుభవం

నిన్ననే థీసిస్ సబ్మిట్ చేశాను. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గితే సగం విషయాలు మర్యాద కోసం వదిలేస్తానని తెలుసు కాబట్టి ఈ రాత్రే రాస్తున్నాను.

ఎంబీబీఎస్ చైనాలోనే చదివాను. తర్వాత సిచువాన్ రాష్ట్రం చెంగ్డూలో ఒక ఆసుపత్రిలో, పిల్లల న్యూరాలజీలో మాస్టర్స్ చేశాను. స్కాలర్‌షిప్, వీసా, హాస్టల్ గురించి అందరూ అడుగుతారు. కాగితాలు సరిగ్గా ఉంటే అవన్నీ వాటంతటవే అయిపోతాయి.

నా టాపిక్, ఫిట్స్‌తో పాటు ఎదుగుదల కూడా వెనకబడిన పిల్లల్లో జన్యు కారణాలు వెతకడం. దానికి పిల్లవాడి రక్తం ఒక్కటే సరిపోదు, తల్లిదీ తండ్రిదీ కూడా కావాలి. ముగ్గురిదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే, ఆ మార్పు పెద్దవాళ్ల నుంచి వచ్చిందా, పిల్లవాడిలోనే కొత్తగా పుట్టిందా అన్నది తేలుతుంది. మేము దీన్ని ట్రయో అంటాం.

చైనా పేషెంట్ల మీద విడిగా రిసర్చ్ ఎందుకని మా చుట్టాలు చాలామంది అడిగారు. కార్బమజెపిన్ అని ఫిట్స్‌కి వాడే పాత మందు ఉంది. కొందరికి అది పడక ఒళ్లంతా బొబ్బలు లేచి, చర్మం ఊడి, ప్రాణం మీదికి వస్తుంది. 2004లో తైవాన్ డాక్టర్లు అలా జబ్బు పడిన 44 మంది హాన్ చైనీయులను పరీక్షిస్తే 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యు రకం కనిపించింది. అదే మందు ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్న 101 మందిలో అది ముగ్గురికే ఉంది. యూరప్ వాళ్లలో ఆ రకం దాదాపు ఉండదు. అంటే అక్కడి పేషెంట్లను ఎంతమందిని పరీక్షించినా ఈ సంగతి బయటపడేది కాదు. 2011 నాటికి తైవాన్‌లోనే 4,877 మందికి మందు మొదలుపెట్టకముందే ఆ పరీక్ష చేసి, ఉన్నవాళ్లకు వేరే మందు ఇచ్చారు. ఒక్కరికి కూడా ఆ చర్మవ్యాధి రాలేదు. నేను ఈ లైన్‌లోకి వచ్చింది ఈ రెండు పేపర్లు చదివే.

మొదటి అడ్డంకి చట్టం. 2019 జులై 1 నుంచి చైనాలో అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం విదేశీయులు అక్కడి మనుషుల జన్యు నమూనాలు సేకరించకూడదు, దాచకూడదు, దేశం బయటికి పంపకూడదు. కాబట్టి రక్తం తీసే పనిలో నా చెయ్యి పడకూడదు. అదంతా ప్రొఫెసర్ గారి టీమ్ చూసుకుంటుంది. నేను కుటుంబాలతో మాట్లాడాలి, జబ్బు చరిత్ర రాసుకోవాలి, అంగీకార పత్రం వివరించి చెప్పాలి. మొదట చిన్నతనంగా అనిపించింది. తర్వాత 1990లలో ఆన్‌హుయ్ రాష్ట్రం సంగతి చదివాను. అమెరికా యూనివర్సిటీ పరిశోధన కోసం అక్కడి పల్లెల్లో జనం దగ్గర రక్తం తీసుకున్న తీరు మీద ఎంత గొడవైందో తెలిశాక ఈ నిబంధనను తప్పుపట్టలేకపోయాను.

రెండోది భాష. ఇక్కడ కన్సల్టెన్సీల వాళ్ల మీద నా కోపం చెప్పి తీరాలి. "అంతా ఇంగ్లిష్ మీడియమే బాబూ, చైనీస్ అక్కర్లేదు" అని డబ్బు కట్టించుకుంటారు. క్లాసు ఇంగ్లిష్‌లో ఉండొచ్చు, పేషెంటు ఇంగ్లిష్‌లో ఏడవడు. నేను చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో ఐదో లెవెల్ పాసయ్యాను, మా బ్యాచ్‌లో అది ఇద్దరికే వచ్చింది. అయినా వార్డులో మొదటి వారం ఒక తాతను "మీ మనవడికి ద్యెన్‌శ్యెన్ ఉంది కదా" అని అడిగితే ఆయన లేచి వెళ్లిపోయాడు. పుస్తకంలో ఫిట్స్ జబ్బుకు అదే పేరు. కానీ అందులో మొదటి అక్షరానికి పిచ్చి అనే అర్థం కూడా ఉంది. హాంకాంగ్‌లో డాక్టర్లు ఆ పేరే మార్చుకున్నారు. పల్లె జనంతో అయితే "చోవ్" అనాలి, అంటే కొట్టుకోవడం, లాగడం. "రాత్రి బాబు చోవ్ అయ్యాడా?" అంటే ఎవరూ నొచ్చుకోరు. మన దగ్గర పెళ్లి కావాల్సిన పిల్ల గురించి మూర్ఛ రోగం అనకుండా "ఫిట్స్ వస్తాయి" అని గొంతు తగ్గించి చెప్పడం లేదా, అలాగే.

ఇక అసలు సంగతి.

మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది కొండల్లోని పల్లెల నుంచి, నాయనమ్మ చెయ్యి పట్టుకుని వస్తారు. అమ్మానాన్నలు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, డోంగ్వాన్ లాంటి ఊళ్లలో ఫ్యాక్టరీల్లో ఉంటారు. ఇలాంటి పిల్లలకు చైనాలో ఒక పేరే ఉంది, "ల్యూషో అర్‌థోంగ్", వెనక ఉండిపోయిన పిల్లలు అని. నాకు ఆ మాట ఎవరూ వివరించక్కర్లేదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాన్న పద్నాలుగేళ్లు దుబాయిలో ఉన్నాడు, అమ్మ బీడీలు చుట్టేది, నన్ను పెంచింది మా బాపమ్మ.

బాజోంగ్ కొండల వైపు నుంచి ఆరేళ్ల బాబును తీసుకొని ఒక నాయనమ్మ వచ్చింది. సిచువాన్‌లో నాయనమ్మను "పోపో" అంటారు, నేనూ ఆమెను అలాగే పిలిచాను. ఆమెకు చదువు రాదు. అంగీకార పత్రం నలభై నిమిషాలు వివరించాను. ప్రతి ముక్కకూ ప్రశ్న వేసింది. చివరికి ఎర్ర సిరాలో బొటనవేలు ముంచి జాగ్రత్తగా ముద్ర వేసింది. అలా తొమ్మిది పత్రాల మీద తొమ్మిది మంది నాయనమ్మలూ తాతలూ ముద్రలు వేశారు. నలుగురు పిల్లలకు నర్సు రక్తం కూడా తీసింది.

సెప్టెంబరులో, రిసర్చ్ పద్ధతిగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ మీటింగుకు పిలిచారు. సెక్రటరీ ఆ తొమ్మిది పత్రాలూ బల్ల మీద వరుసగా పరిచి, ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టాడు. "బాబుకు ఏమవుతారు? నాయనమ్మ." తర్వాతది. "ఏమవుతారు? తాత." తొమ్మిదీ అలాగే చదివాడు. అంతా అయ్యాక నా వైపు తిరిగి, "తల్లిదండ్రులు బతికి ఉండగా సంరక్షకులు ఎవరో మీ దేశంలో నేర్పరా?" అన్నాడు. పదిహేను మంది చూస్తున్నారు. మా ప్రొఫెసర్ తల దించుకున్నారు. నాకు చైనీస్‌లో ఒక్క వాక్యం నోటికి రాలేదు.

చట్టంలో ఉన్నమాట నిజమే. చైనా పౌర స్మృతి ప్రకారం మైనర్లకు సంరక్షకులు తల్లిదండ్రులే. వాళ్లు చనిపోతేనో, ఆ బాధ్యత మోయలేని స్థితిలో ఉంటేనో తాతలకూ నాయనమ్మలకూ ఆ హక్కు వస్తుంది. ఊరు విడిచి పనికి వెళ్లినంత మాత్రాన రాదు. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలైతే వాళ్ల మాట కూడా తీసుకోవాలి. తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ ప్రోటోకాల్ (రిసర్చ్ ప్లాన్) మొదటిసారి చూసినప్పుడు ఇదే సెక్రటరీ "సంరక్షకుని సంతకం" అనే గీత దగ్గర ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. తప్పు జరిగేదాకా ఆగి, జరిగాక అందరి ముందూ పరిచి చూపించడం కొందరికి అలవాటు. ఆ గదిని నేను మర్చిపోలేను.

నలుగురు పిల్లల రక్తం నాశనం చేయించారు. ఆ కబురు నువ్వే చెప్పాలన్నారు.

పోపోకు ఫోన్ చేసేముందు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "రాత్రి వాడు చోవ్ అయితే లేచేది నేను. ముక్కు కింద నొక్కి పట్టుకునేది నేను. సంతకం మాత్రం డోంగ్వాన్‌లో ఉన్నవాళ్లదా?" నాకు మా బాపమ్మ గుర్తొచ్చింది. స్కూల్లో పేరెంట్స్ మీటింగుకు వచ్చి, "తండ్రిని పిలవండి" అంటే నా పుస్తకాల సంచి భుజాన వేసుకుని వెనక్కి నడిచింది.

ముక్కు కింద నొక్కొద్దని, నోట్లో చాప్‌స్టిక్ పెట్టొద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఆ ఫోన్లోనే చెప్పాను. మన దగ్గర చేతిలో తాళాలు పెట్టినట్టే అదీ, ఉపయోగం లేదు.

తర్వాత చేసింది ఇది. ప్రోటోకాల్‌కు సవరణ రాశాను. తల్లిదండ్రులకు వీచాట్ (అక్కడి వాట్సాప్ లాంటిది) వీడియోలో వివరించి, అసలు సంతకాలూ రక్తమూ వాళ్లు చైనా కొత్త సంవత్సరానికి ఊరొచ్చినప్పుడు తీసుకుంటామన్నాను. పత్రం కింద ఒక గీత కూడా కొత్తగా పెట్టాను: "బిడ్డను రోజూ చూసుకుంటున్న వారు." దానికి చట్టంలో విలువ లేదు. ఆ గీత ఎందుకని సెక్రటరీ రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ తీసేది లేదన్నాను. మూడోసారి మా ప్రొఫెసర్ గారు నా పక్కన నిలబడ్డారు. అది ఉండిపోయింది.

2025 జనవరి 29న పండుగ. మూడో రోజు నుంచి వారం పాటు, అందరూ సెలవుల్లో ఉంటే మా టీమ్‌లో నలుగురం ఓపీలో కూర్చున్నాం. ఆ వారంలోనే 23 కుటుంబాలు ముగ్గురికి ముగ్గురూ వచ్చారు. మా డిపార్ట్‌మెంట్‌లో అంతకుముందు ఎవరూ ఒక్క వారంలో ఇన్ని ట్రయోలు చేయలేదు. మీలో ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడుతుంటే ముందు పండుగ తేదీలు చూసుకోండి, జర్నల్ డెడ్‌లైన్లు తర్వాత.

పోపో కూడా కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని వచ్చింది. చంకలో చుట్టిన గోడ క్యాలెండర్లు రెండు ఉన్నాయి. ఫిట్స్ వచ్చిన ప్రతి రోజు మీదా గుండ్రం చుట్టింది. జ్వరం ఉన్న రోజైతే గుండ్రంలో చుక్క పెట్టింది. చదువు రాని మనిషి రెండేళ్లు ఒక్క రోజు తప్పకుండా రాసిన లెక్క అది. నా స్టడీ మొత్తంలో అంత మంచి రికార్డు ఇంకొకటి లేదు, థీసిస్‌లోనూ అలాగే రాశాను. జిల్లా ఆసుపత్రిలో కార్బమజెపిన్ మొదలుపెట్టిన నెల నుంచి గుండ్రాలు ఎక్కువయ్యాయని ఆ కాగితాల్లోనే కనిపించింది.

మార్చిలో రిపోర్టు వచ్చింది. ఎస్‌సీఎన్‌1ఏ జన్యువులో మార్పు, తల్లిలోనూ తండ్రిలోనూ లేదు. డ్రావే సిండ్రోమ్ అనే మొండి ఫిట్స్ జబ్బు. ఈ జబ్బులో కార్బమజెపిన్ లాంటి మందులు ఫిట్స్‌ను పెంచుతాయి. ప్రొఫెసర్ గారు అది ఆపించి మందులు మార్చారు. ఫిట్స్ పూర్తిగా పోలేదు, ఈ జబ్బులో పోవడం కష్టం. బాబుకు మాటలు ఇంకా రావాలి.

మే మొదటి వారంలో పోపో మనవరాలి చేత వీచాట్‌లో ఒక ఫొటో పంపించింది. ఏప్రిల్ నెల క్యాలెండర్. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో పదిహేడు గుండ్రాలు ఉన్నాయి. ఈసారి నాలుగు.