పాత ఫ్రిజ్‌లో 18 డిగ్రీలు: ఉప్పునీటి ఊరగాయల లాగ్

ముందే ఒక మాట. పాత ఫ్రిజ్‌కి కంట్రోలర్ తగిలించి 18 డిగ్రీల దగ్గర నిలిపే ఈ సరంజామా ఏదీ ఆవకాయకి అక్కర్లేదు. మామిడికాయ పులుపు, ఉప్పు, ఆవపిండి, పైన తేలే నూనె దాన్ని కాపాడతాయి. ఈ లాగ్ ఉప్పునీళ్లలో మునిగి తమంతట తామే పులిసే కూరగాయలది: క్యాబేజీ, కీర, దొండకాయ. వీటిలో పులుపు మనం వేసేది కాదు, బ్యాక్టీరియా తయారు చేసేది. ఆ బ్యాక్టీరియా ఎంత వేడిలో పనిచేసిందో దాన్నిబట్టే రుచి వస్తుంది. హైదరాబాద్‌లో మే నెలలో వంటింటి గట్టు 34, 35 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో పెట్టిన క్యాబేజీ పది రోజుల్లోపే పుల్లబడిపోతుంది. అయితే ఆ రుచిలో పులుపు తప్ప ఇంకేమీ ఉండదు, ముక్క కూడా మెత్తబడుతుంది.

ఎందుకలా అంటే, ఉప్పు వేసిన క్యాబేజీలో మొదట పని మొదలుపెట్టేది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడెస్. ఇడ్లీ పిండిని పొంగించే బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనదీ ఇదే. ఇది లాక్టిక్ ఆమ్లంతో పాటు కొంచెం ఎసిటిక్ ఆమ్లం, బోలెడంత కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. మంచి వాసన, నాలుక మీద చురుకు దీని చలవే. 18 నుంచి 22 డిగ్రీలు దీనికి హాయి. పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది, ఆమ్లాన్ని ఎక్కువగా తట్టుకునే ఇంకో బ్యాక్టీరియా, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్, వచ్చి మిగతా పని ముగిస్తుంది. 30 దాటితే ఈ రెండోది మొదటి రోజే పైచేయి సాధిస్తుంది, మొదటిదానికి పని చేసే వ్యవధే ఉండదు. కాబట్టి ఫ్రిజ్‌తో మనం చేస్తున్నది చల్లబరచడం కన్నా, మొదటి బ్యాక్టీరియాకి నాలుగైదు రోజులు గడువివ్వడం.

పెట్టె

పాత సింగిల్ డోర్ డైరెక్ట్ కూల్ ఫ్రిజ్ అన్నిటికన్నా అనుకూలం. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నది వద్దు, బయటినుంచి కరెంటు తీసి వేస్తుంటే దాని బోర్డు సహించదు. ఫ్రాస్ట్ ఫ్రీ మోడళ్లలో మంచు కరిగించే టైమర్ లెక్క తప్పుతుంది. ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్‌ని గరిష్ఠ చల్లదనం మీద వదిలేసి, ఆన్ ఆఫ్ పని అంతా బయటి కంట్రోలర్‌కి అప్పగించాలి.

వాడుతున్న కంట్రోలర్ 230 వోల్టుల ఎస్‌టీసీ-1000, సెన్సర్ చూపే వేడినిబట్టి కరెంటుని ఆన్ ఆఫ్ చేస్తుంది. వెనక ఎనిమిది టెర్మినళ్లు: 1, 2 కి కరెంటు, 3, 4 కి సెన్సర్, 5, 6 వేడికి, 7, 8 చల్లదనానికి. చివరి రెండు జతలూ ఉత్త స్విచ్‌లే, వాటినుంచి కరెంటు దానంతట అదే రాదు. ఫేజ్ వైరుని 7 లోకి ఇచ్చి 8 నుంచి ఫ్రిజ్ సాకెట్‌కి తీసుకోవాలి. న్యూట్రల్, ఎర్త్ నేరుగా వెళ్లాలి. మొత్తాన్ని ప్లాస్టిక్ స్విచ్ బాక్స్‌లో బిగించాలి. వైరింగ్ అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క పనీ ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి, ఉప్పునీళ్ల పక్కన వేలాడే వైర్లు ఉండకూడదు.

సెట్టింగులు: ఎఫ్1 18.0, ఎఫ్2 1.0, ఎఫ్3 10 నిమిషాలు. అంటే 19 కి కంప్రెసర్ మొదలై 18 కి ఆగుతుంది, ఆగాక మళ్లీ మొదలవ్వాలంటే కనీసం పది నిమిషాలు గడవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఈ ఆలస్యం పనిచేస్తుంది, కంప్రెసర్‌కి అదే రక్ష. ఎఫ్4 సెన్సర్ తేడా సరిచేయడానికి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, ఖాళీల్లో నీళ్లు పోసి సెన్సర్ ముంచితే సున్నా చూపాలి. 0.7 చూపిస్తే ఎఫ్4 లో మైనస్ 0.7.

సెన్సర్ ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ కంప్రెసర్ ఉలిక్కిపడి లేస్తుంది. సీసా లోపల ముంచితే దానికి విరుద్ధమైన సమస్య: ఉప్పునీళ్లు 18 కి వచ్చేసరికి చుట్టూ గాలి ఏడెనిమిదికి పడిపోయి ఉంటుంది, ఆగిన తర్వాత కూడా సీసా చల్లబడుతూనే 16 కి దిగుతుంది. సీసా బయటి గోడకి, నీటిమట్టానికి సగం ఎత్తులో సెన్సర్‌ని ఆనించి, పైన రెండు వేళ్ల మందం థర్మోకోల్ ముక్క పెట్టి టేపు చుట్టడమే సరైన మధ్యేమార్గం. ఇలా పెట్టాక లోపల ఉప్పునీళ్లు 17.5, 19 మధ్యనే కదిలాయి. సీసా ఫ్రీజర్ పెట్టెకి ఆనకుండా కింది అరలో ఉంచాలి.

18 డిగ్రీల దగ్గర ఫ్రిజ్ లోపల తేమ బాగా పడుతుంది. గోడలకి నల్ల బూజు రాకుండా సిలికా జెల్ అర కిలో ఒక గుడ్డసంచిలో, వారానికోసారి తుడుపు. ఆమ్లపు ఆవిరి అల్యూమినియం పలకని తినేస్తుంది కాబట్టి సీసాలకి ఎయిర్‌లాక్ (లోపలి వాయువుని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని నీళ్ల మూత) తప్పనిసరి.

మొదటి విడత: క్యాబేజీ, 18 డిగ్రీలు

తరిగిన క్యాబేజీ 2 కిలోలు, ఉప్పు 45 గ్రాములు, అంటే 2.25 శాతం. ఉప్పుని తూకం వేయాల్సిందే, చెంచా లెక్క పనికిరాదు. కల్లుప్పు చెంచా, మెత్తటుప్పు చెంచా ఒకే బరువు తూగవు. అయోడిన్ ఉప్పు పులియడాన్ని ఆపదు, భయం లేదు. కాకపోతే అందులో గడ్డకట్టకుండా కలిపే పొడి నీళ్లని మసకబారుస్తుంది. పది నిమిషాలు పిసికి, అరగంట వదిలి, మూడున్నర లీటర్ల సీసాలో పిడికిలితో అదిమితే క్యాబేజీ నీళ్లే పైకొచ్చి ముంచాయి. పైన గాజు బరువు, మూడు వేళ్ల ఖాళీ.

1వ రోజు కదలిక లేదు. 2వ రోజు సాయంత్రం సీసా గోడ వెంట సన్నటి బుడగలు. 3 నుంచి 5 వరకు నురగ, నీటిమట్టం రెండు వేళ్లు లేచింది. కింద పళ్లెం లేకపోతే ఫ్రిజ్ అంతా అదే. 4వ రోజు పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.3, 10వ రోజు 3.8, 21వ రోజు 3.5. అక్కడ ఆపి మామూలు ఫ్రిజ్‌లోకి, 4 డిగ్రీలకి మార్చడమైంది. ముక్క కొరికితే శబ్దం వస్తోంది. ఇదే పని 7, 8 డిగ్రీల దగ్గర చేస్తే నెలలు పడుతుంది, కాబట్టి చల్లదనం ఎక్కువైతే మేలు అనుకోకండి. 15 కంటే కిందికి దించడంలో లాభం కనపడదు.

కొలత గురించి: పీహెచ్ 4.6 కంటే దిగాలి, ప్రాణాంతకమైన విషం తయారుచేసే బొట్యులిజం బ్యాక్టీరియా ఆ హద్దు కింద పెరగదు. 4.0 కంటే దిగాకే తినడం మా పద్ధతి. అర పాయింటు తేడాతో రంగు మారే కాగితాలు ఇక్కడ చాలవు. పీహెచ్ మీటర్‌ని ప్రతి విడతకీ పీహెచ్ 4, 7 ఉన్న ద్రావణాలతో సరిచేయాలి.

రెండో విడత: కీర, 20 డిగ్రీలు

కిలో చిన్న కీరలకి లీటరు నీళ్లు, 50 గ్రాముల ఉప్పు. ఉప్పు ఎక్కువనిపిస్తుంది గానీ, కీర అంతా నీరే. నాలుగైదు రోజుల్లో ఉప్పు కాయలోకీ నీళ్లలోకీ సమానంగా పాకితే మిగిలేది రెండున్నర శాతం. లీటరుకి 25 గ్రాములు చాలనుకుంటే చివరికి అందులో సగమే ఉంటుంది, కాయ మెత్తబడిపోతుంది.

తొడిమకి ఎదురుగా పువ్వు రాలిన కొస ఉంటుంది. దాన్ని రెండు మిల్లీమీటర్లు కోసేయాలి. కాయని మెత్తబరిచే ఎంజైములు ఆ కొసలోనే ఉంటాయి, మొత్తం సీసా పాడవడానికి అది చాలు. లీటరుకి 2 గ్రాముల క్యాల్షియం క్లోరైడ్, లేదా చిటికెడు టీ ఆకు వేస్తే కరకర నిలుస్తుంది. సోయకూర, వెల్లుల్లి, మిరియాలు మీ ఇష్టం. వెల్లుల్లి నీలంగా మారితే కంగారు పడొద్దు, ఆమ్లంలో దానికది సహజం.

పులిసిందో లేదో తెలుసుకోవడానికి ఒక కాయని అడ్డంగా కోసి దీపానికి ఎదురుగా పట్టి చూడండి. పచ్చిది సున్నంలా తెల్లగా ఉంటుంది. పులిసిన భాగం గాజులా కాంతిని వదులుతుంది. 6వ రోజున అంచు చుట్టూ గాజు వలయం, మధ్యలో తెల్లటి చుక్క. 11వ రోజుకి చుక్క మాయం, పీహెచ్ 3.4. మూడు కాయలు లోపల బోలుగా తేలాయి. అవి లావువి, లోపలి వాయువు బయటికి పోలేక గుల్లయ్యాయి. వేలికన్నా లావు కాయలకి ఫోర్క్‌తో రెండు చోట్ల గుచ్చాలి.

బోరు నీళ్లతో పోసిన ఒక సీసా వెనకబడింది, 5వ రోజుకి కూడా 4.9. ఆ నీటి క్షారగుణం వచ్చిన ఆమ్లాన్ని వచ్చినట్టు మింగేస్తుంది. కాచి చల్లార్చిన కుళాయి నీళ్లు గానీ ఆర్ఓ నీళ్లు గానీ వాడండి.

మూడో విడత: దొండకాయ, 22 డిగ్రీలు

కీరకన్నా దొండకాయ మన ఊళ్లకి సరిపోయే కాయ అని గట్టి నమ్మకం. పిక్క గట్టిది, తోలు మందం, గుల్లవ్వదు. రెండు కొసలూ కోసి, గుత్తి కూరకి చీల్చినట్టు నిలువు గాటు పెట్టాలి. గాటు లేకపోతే మైనంలాంటి తోలు దాటి ఉప్పు లోపలికి పోదు, పది రోజులైనా మధ్యలో పచ్చి వాసనే. లోపల ఎర్రబడిన కాయలు ఏరి కూరకి పంపాలి, అవి జారుగా అవుతాయి. ఉప్పు లెక్క కీరదే. 12వ రోజుకి 3.5, ఎండుమిర్చి ఘాటు బాగా పట్టింది.

6వ రోజు పైన తెల్లటి ముడతల పొర కట్టింది. అది ఈస్ట్, చదునుగా ఉంటుంది. తీసేసి బరువు సర్దితే సరిపోతుంది. నూగుతో, ఆకుపచ్చ, నలుపు, గులాబీ రంగుల్లో లేచింది బూజు, దానికి మాత్రం జాలి చూపకుండా సీసా మొత్తం పారబోయాలి. ఎయిర్‌లాక్‌లో నీళ్లు ఎండి గాలి చొరబడటం వల్లే ఈ పొర వచ్చింది. ఇప్పుడు నాలుగు రోజులకోసారి నీళ్లు పోయడం లాగ్‌లో ఒక గడి.

ప్రస్తుతం పెట్టెలో: పండుమిర్చి ముద్ద 800 గ్రాములు, ఉప్పు 28 గ్రాములు, 20 డిగ్రీలు. 4వ రోజు, పీహెచ్ 4.5, బుడగలు జోరుగా ఉన్నాయి. ముద్ద వాయువుతో పైకి లేస్తోంది, రోజుకోసారి శుభ్రమైన చెంచాతో అదమాల్సి వస్తోంది.