బోర్డో నుంచి తులూజ్ దాకా, కాలువ గట్టు మీద సైకిల్‌పై: నా అనుభవం

యాభై దాటాక రోజుకు నలభై కిలోమీటర్లు సైకిల్ తొక్కగలమా అని స్నేహితురాళ్లు అడుగుతున్నారు. దారి చదునుగా ఉండి, వెనక నుంచి లారీ రాదన్న నమ్మకం ఉంటే తొక్కగలం. మా అమ్మాయితో కలిసి నేను తొక్కాను, ఫ్రాన్స్ నైరుతి మూల బోర్డో నుంచి తులూజ్ దాకా. దారిలో చాలా భాగం కార్లు రానిదే. వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

అమ్మాయి తులూజ్‌లో చదువుకుంటోంది. "అమ్మా, అంతా కాలవ గట్టే. నీకు అలవాటే కదా" అంది. నిజమే, నేను తెనాలిలో పెరిగాను, దుగ్గిరాల లాకులు (పడవల్ని కాలువ ఎత్తుపల్లాలు దాటించే గేట్లు) చూస్తూ కాలేజీకి వెళ్లినదాన్ని. కానీ విజయవాడ కాపురానికి వచ్చాక బందరు రోడ్డు మీద సైకిల్ ఎక్కే ధైర్యం పోయింది. అందుకే ఎండ, దూరం గురించి కాకుండా, ముందు ట్రాఫిక్ గురించే అడిగాను.

ఫ్రాన్స్‌లో ఇలాంటి బాటల్ని వోయ్ వెర్త్ అంటారు. నడిచేవాళ్లు, సైకిళ్లు, గుర్రాలు తప్ప మోటారు బండ్లు వాటి మీదకు రాకూడదు. చాలావరకు మూతపడిన రైలు లైన్ల మీదో, ఒకప్పుడు గుర్రాలు పడవల్ని లాగిన కాలువ గట్ల మీదో వేశారు. రైలు ఎక్కలేనంత ఎత్తులు ఆ దారుల్లో ఉండవు కాబట్టి మన మోకాళ్లకూ ఇబ్బంది ఉండదు. బుర్గుండీలో జీవ్రీ, క్లూనీ ఊళ్ల మధ్య పాత రైలు లైను మీద 1997లో తెరిచిన బాట తొలినాటి వాటిల్లో ఒకటి. లువార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్ల దారి ఉంది, పేరూ దానికే ఎక్కువ. అయినా మేం గరోన్ కాలువనే ఎంచుకున్నాం, ఎందుకంటే చాలా దూరం దాని పక్కనే బోర్డో–తులూజ్ రైలు లైను ఉంది. మార్మాండ్, అజెన్, మ్వాసాక్, ఇలా ప్రతి పెద్ద ఊళ్లోనూ స్టేషనే. ఓపిక అయిపోతే సైకిల్‌తో సహా ప్యాసింజరు రైలెక్కేయొచ్చు. ఆ రైలు కనిపిస్తూ ఉండటమే నాకు సగం ధైర్యం.

వీసా దగ్గర కొంచెం టెన్షన్ పడ్డాను. ఎక్కడెక్కడ ఉంటారో చూపించాలి, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి. సైకిల్ మీద వెళ్లేవాళ్లకు ఏ రోజు ఏ ఊరు చేరతామో ముందే ఎలా తెలుస్తుంది? ఆఖరి నిమిషం దాకా డబ్బు పోకుండా రద్దు చేసుకోగల గదులు మాత్రమే బుక్ చేశాం. రోజుకు తక్కువ దూరం వేసుకున్నాం. గది వెతికేటప్పుడు 'అకేయ్ వెలో' అన్న గుర్తు చూసుకోండి. అది ఉన్న చోటు దారికి 5 కిలోమీటర్ల లోపే ఉంటుంది, సైకిల్ భద్రంగా పెట్టుకోవడానికి జాగా ఇస్తారు, రిపేరు సామాను కూడా ఉంటుంది.

సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. బోర్డోలో ఇచ్చి తులూజ్‌లో తీసుకునే వాళ్లున్నారు, దానికి కాస్త ఎక్కువ కట్టాలి. వెనక క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడే బ్యాగులు అడిగి తీసుకోండి. వీపుకు బ్యాగు తగిలించుకుంటే మధ్యాహ్నానికే నడుం పట్టేస్తుంది.

బోర్డోలో గరోన్ నదిని 1822 నాటి రాతి వంతెన మీద దాటాం. 2017 నుంచి దాని మీద ప్రైవేటు కార్లను ఆపేశారు. అవతలి ఒడ్డున కొంత దూరం వెళ్లాక రోజే లపేబీ పేరు పెట్టిన బాట మొదలవుతుంది. ఆయన 1937 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీ విజేత. గేర్లు మార్చుకునే డిరైలర్‌ను ఆ పోటీలో మొదటిసారి అనుమతించింది ఆ ఏడాదే. ఈ బాట కూడా పాత రైలు లైనే. ద్రాక్ష తోటల మధ్య నుంచి మెల్లగా ఎత్తెక్కుతూ, ఓ సొరంగం దాటుకుంటూ సోవ్‌తెర్ అనే పాత కోట ఊరు దాకా వెళ్తుంది. క్రెయోన్‌లో పాత రైల్వే స్టేషన్ ఇప్పుడు సైకిల్ వాళ్లకు మజిలీ.

సోవ్‌తెర్ నుంచి కాలువ దాకా మాత్రం మామూలు పల్లెటూరి రోడ్డే. కార్లు వస్తాయి, అదీ కుడి పక్కన నడిచే ట్రాఫిక్. నాకు భయమేసిన చోటు ఇదొక్కటే. ఆదివారం పొద్దున్నే బయలుదేరాం, అమ్మాయి వెనక, నేను ముందు. వచ్చిన కొద్ది కార్లూ ఎదురు రోడ్డు ఖాళీ అయ్యేదాకా మా వెనకే ఆగి, పూర్తిగా అవతలి పక్కకు వెళ్లి దాటాయి. ఒక్క హారన్ వినిపించలేదు. కాలువ కనపడగానే దిగి ఆ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.

ఇక అక్కడి నుంచి తులూజ్ దాకా నీడే నీడ. రెండు పక్కలా ప్లేన్ అనే పెద్ద నీడ చెట్లు, మధ్యలో కదలని ఆకుపచ్చ నీళ్లు. 193 కిలోమీటర్ల ఈ కాలువను 1838లో మొదలుపెట్టి 1856కి పూర్తి చేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన బెజవాడ ఆనకట్ట కూడా కట్టారు, 1855లో పూర్తయింది. అందుకేనేమో, లాకుల దగ్గర ఆగిన ప్రతిసారీ మనవాళ్ల పనే చూస్తున్నట్టనిపించింది. మొత్తం 53 లాకులు. దాదాపు ప్రతి లాకు దగ్గరా దాన్ని చూసుకునే లస్కరు ఒకప్పుడు ఉన్న ఇల్లు, గోడ మీద లాకు పేరు, ముందు వెనక లాకులకు ఎంత దూరమో రాసిన పలక. ఆ పలకలు చూసుకుంటూ తొక్కితే ఎంత వచ్చామో ఫోన్ తీయకుండానే తెలిసిపోతుంది.

ఒకచోట లాకు పనిచేయడం మొదటి నుంచి చివరిదాకా చూశాం. పడవ ఇంకా దూరంగా ఉండగానే నీళ్ల మీద వేలాడుతున్న ఒక కడ్డీని పడవలోని ముసలావిడ చేత్తో మెలి తిప్పింది. అంతే, దీపం మారింది, తలుపులు తెరుచుకున్నాయి. పడవ లోపలికొచ్చింది. భర్త తాడును గట్టు మీది ఇనుప గుంజకు చుట్టి పట్టుకున్నాడు. వెనక తలుపులు మూసుకుని, ముందు నుంచి నీళ్లు నురగతో లోపలికి దూకాయి. చూస్తుండగానే గోడల మధ్య పల్లంలో ఉన్న పడవ మా కాళ్ల ఎత్తుకు లేచింది. ఆవిడ చెయ్యి ఊపి "బోన్ రూత్" అంది, ప్రయాణం బాగా జరగాలని.

నీళ్ల గురించి ఒక మాట. కాలువ పక్కన మంచినీళ్ల కుళాయిలు తక్కువ. అక్కడి సైకిల్ వాళ్లంతా చేసే పని, ఊరి శ్మశానంలో కుళాయి దగ్గర సీసా నింపుకోవడం. మొదట నాకు మనసొప్పలేదు, తర్వాత నేనే ముందు వెళ్లేదాన్ని. 'నోన్ పొతాబ్ల్' అని రాసి ఉంటే మాత్రం తాగకండి. తిండికి మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపే హోటల్లో కూర్చోవాలి, ఆ తర్వాత వంటిల్లు మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం పల్లెల్లో చాలా కొట్లు తెరవరు. శాకాహారులకు ఆ బాతు మాంసం దేశంలో మేకపాల జున్ను సలాడే దిక్కు. మేం రాత్రిళ్లు గదిలో గోధుమ రవ్వలాంటి కుస్‌కుస్ మీద వేడినీళ్లు పోసి మూతపెట్టి, అయిదు నిమిషాలయ్యాక కందిపొడి, అక్కడి వెన్న కలుపుకుని తిన్నాం. బ్రహ్మాండంగా ఉంటుంది.

అజెన్‌లో కాలువే నదిని దాటుతుంది. 539 మీటర్ల పొడవు, 23 కమానులున్న రాతి వంతెన. కింద గరోన్ పారుతుంటుంది, దాని పైన మన పక్కనే పడవ వెళ్తుంటుంది. నేను సైకిల్ దిగి నడిచాను, మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి నడిచాను. అంతకు ముందే మాస్ దజెనె అనే చిన్న ఊరు వస్తుంది. కాలువ మీది గుట్టపై ఉన్న చర్చికి రెంబ్రాంట్ 1631లో వేసిన క్రీస్తు శిలువ చిత్రం సొంతం. మ్యూజియంలో క్యూ కట్టి చూడాల్సిన చిత్రం పల్లెటూళ్లో ఉంది. మ్వాసాక్‌లో కనీసం ఒక పూట ఆగండి. అక్కడి పాత క్రైస్తవ మఠం నడవాలో 76 స్తంభాల తలలు, ఒక్కోదాని మీద ఒక్కో చెక్కడం. పందొమ్మిదో శతాబ్దంలో రైలు లైను కోసం మఠం భోజనశాలను కూల్చేశారు, ఈ నడవా మాత్రం మిగిలింది.

కష్టమంతా చివర్లోనే. తులూజ్ వైపు ఆగ్నేయం నుంచి ఓతాన్ అనే గాలి వీస్తుంది. మేం దానికి ఎదురెళ్లాం. దారి చదునుగానే ఉన్నా ఎత్తెక్కుతున్నట్టు తొడలు లాగేశాయి. దానికి తోడు చెట్ల వేళ్లు తారును పైకి లేపిన చోట సైకిల్ ఎగిరెగిరి పడుతుంది. ఒక వేరు దెబ్బకే కాబోలు, అమ్మాయి వెనక టైరు పంక్చరైంది. అటు వస్తున్న ఓ పెద్దాయన అడగకుండానే ఆగి, ట్యూబు మార్చి, చేతులు కాలువలో కడుక్కుని వెళ్లిపోయాడు. గాలి ఉన్న రోజు దూరం సగానికి తగ్గించుకోండి, లేదా ఆ రోజుకు రైలెక్కండి. బోర్డో వైపు తొక్కితే అదే గాలి వెనక నుంచి నెడుతుంది.

తులూజ్‌లో మూడు కాలువలు కలిసే పోన్ జ్యుమో దగ్గర మా దారి ముగిసింది. అక్కడి నుంచి మధ్యధరా సముద్రం వైపు కెనాల్ ద్యు మిది సాగుతుంది, 1681 నాటిది, యునెస్కో జాబితాలో ఉంది. తులూజ్ దాటి మొదటి యాభై కిలోమీటర్లు మంచి తారు, ఆ తర్వాత చాలాచోట్ల మట్టి, వేళ్లు. ఎండలు ముదిరే జులై, ఆగస్టుల కంటే మే, జూన్, సెప్టెంబరు నయం. వచ్చే సెప్టెంబరుకు ఆ కాలువ వెంటే కార్కసోన్ ఊరి దాకా వెళ్దామనుకుంటున్నాం. లావు టైర్ల సైకిళ్లు చూడమని అమ్మాయికి చెప్పేశాను.