రాముడి వేళ్ల మధ్య నల్లగీత: ఆర్ట్ ప్రింట్లకు సాఫ్ట్‌వేర్ ఎంచుకున్న నా అనుభవం

"రాముడి వేళ్లు ఏవి నాయనా? చెయ్యంతా ముద్దగా ఉందే" అన్నారు శ్రీకాళహస్తి పెద్దాయన, నేను తీసుకెళ్లిన మొదటి ప్రింటును వరండాలో వెలుతురుకు పట్టుకుని. చిన్నప్పటి నుంచి కలంకారీ వేస్తున్న మనిషి ఆయన. గుడ్డ మీద ఆయన రాముడి ఒళ్లు నీలిమందు రంగు. వేళ్ల మధ్య గీతలు మాత్రం ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టి తీసిన నలుపు. నీలం ఎంత ముదురుగా ఉన్నా ఆ నల్లగీత విడిగా కనిపిస్తుంది. నా కాగితం మీద రెండూ కలిసిపోయాయి. ఆయన ఇంకేమీ అనలేదు కానీ ఆ ప్రింటును మడవకుండా జాగ్రత్తగా చుట్టి నా చేతికే ఇచ్చేశారు.

నాది తిరుపతిలో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌లే ఇన్నాళ్లూ బతుకుతెరువు. పెద్దాయన పాత గుడ్డల్లో కొన్ని అమ్మకానికి కావు. ఇంట్లోనే ఉన్నాయి, అక్కడక్కడా చిరుగుతున్నాయి. వాటిని ఫొటో తీసి, మంచి నూలు కాగితం మీద అచ్చు వేసి, ఆయన సంతకంతో అమ్ముదామని ఇద్దరం అనుకున్నాం. అందుకే 44 అంగుళాల ఎప్సన్ ప్రింటరు కొన్నాను. చదరపు మీటరుకు 308 గ్రాముల బరువుండే హానెమ్యూలె ఫొటో రాగ్ అనే నూలు కాగితం రోల్ తెప్పించాను. రోల్ పొడవు 12 మీటర్లు. దాని ఖరీదు తెలిశాక ప్రతి అంగుళమూ లెక్కలోకి వచ్చింది.

చెయ్యి ముద్దగా వచ్చిందని చెప్తే ఫ్లెక్సీలు వేసే మిత్రుడు వెంటనే అన్నాడు: "రిప్ లేకుండా అంత పెద్ద ప్రింటరు ఎట్లా నడుపుతున్నావన్నా?" అతని మాట నమ్మాను. రిప్ అంటే బొమ్మనూ అక్షరాలనూ ప్రింటరు వేసే చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్. అయితే నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అది అప్పుడు తట్టలేదు. ఫ్లెక్సీ మెషీన్లకు మామూలు కంప్యూటర్ నుంచి నేరుగా ప్రింట్ ఇచ్చే దారి సాధారణంగా ఉండదు, అందుకే వాళ్లకు రిప్ తప్పనిసరి. నా ప్రింటరుతో కంపెనీ డ్రైవరే వస్తుంది, అంటే కంప్యూటర్ నుంచి ప్రింటరుకు పని పంపే సాఫ్ట్‌వేర్. ఆ చుక్కల పని అది బాగానే చేస్తుంది. మరి నాకు రిప్ దేనికి? ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ముందు ఒక డీలరు దూరం నుంచి నా కంప్యూటర్‌లోకి వచ్చి ఒక రిప్ ట్రయల్ పెట్టించాడు. మొదటి ప్రింటు ఎర్రగా, చీకటిగా వచ్చింది. "సెట్ అవుతుంది సార్, ఇంకో రెండు వేయండి" అన్నాడు. ఇంకో నాలుగు వేశాను. రెండు అడుగుల కాగితం పోయింది, ఎరుపు పోలేదు. చివరికి ఒక రాత్రి కూర్చుని ఒక్కో సెట్టింగూ చూస్తే అసలు సంగతి బయటపడింది. ఫొటోషాప్ ఒకసారి ప్రొఫైల్ (ఈ ప్రింటరు, ఈ కాగితం మీద రంగు ఎలా పడుతుందో చెప్పే ఫైలు) వేసి రంగు మారుస్తోంది, కింద రిప్ మళ్లీ మారుస్తోంది. ఒకే రంగును ఇద్దరు దిద్దితే ఏమవుతుందో అదే అయింది. డ్రైవర్‌తో వేసినా ఇదే నియమం: ఫొటోషాప్ రంగు చూసుకుంటుంటే డ్రైవర్‌లో కలర్ అడ్జస్ట్‌మెంట్ ఆఫ్‌లో ఉండాలి. ఎవరో ఒకరే దిద్దాలి. ఇది ముందే చెప్పి ఉంటే నా కాగితం మిగిలేది. ఆ కోపం ఇంకా పోలేదు.

ఆ తర్వాత ఎవరినీ అడగడం మానేసి నేనే పరీక్ష పెట్టుకున్నాను. రాముడి చెయ్యి ఉన్న ముక్క ఒక్కటే కత్తిరించి, అదే ఫైలు, అదే కాగితం, అదే ప్రొఫైల్‌తో మూడు దారుల్లో వేశాను: ఫొటోషాప్ నుంచి డ్రైవర్ ద్వారా, ఎప్సన్ ఉచితంగా ఇచ్చే ప్రింట్ లేఅవుట్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా, కిమేజ్ అల్టిమేట్ అనే ఇంకో ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ ద్వారా. మరుసటి రోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర మూడూ పక్కపక్కన పెట్టి చూశాను. రంగులో తేడా నాకు కనపడలేదు. మా ఆవిడను పిలిచి, ఏది ఏదో చెప్పకుండా చూపించాను. తనకూ కనపడలేదు. మూడింటిలోనూ వేళ్లు ముద్దగానే ఉన్నాయి.

అంటే జబ్బు సాఫ్ట్‌వేర్‌లో లేదు.

నూలు కాగితం ఇంకును పీల్చుకుంటుంది. నిగనిగలాడే ఫొటో కాగితం మీద వచ్చేంత లోతైన నలుపు దాని మీద రాదు. కాబట్టి నలుపుకూ ముదురు నీలానికీ మధ్య ఉన్న మెట్లన్నీ తక్కువ చోటులో సర్దుకోవాలి. ఎలా సర్దాలో చెప్పేది ప్రొఫైల్. కాగితం కంపెనీ ప్రొఫైల్‌తో పాటు ఒక చిన్న సూచన పత్రం ఇస్తుంది, డ్రైవర్‌లో ఏ మీడియా టైప్ పెట్టాలో అందులో ఉంటుంది. నేను అది చదవకుండా దగ్గరగా అనిపించిన ఇంకో పేరు ఎంచుకున్నాను. మీడియా టైప్ అంటే కాగితం పేరు మాత్రమే కాదు, ఎంత ఇంకు పోయాలో కూడా దాంతోనే తేలుతుంది. ఇంకు ఎక్కువ పడి నీలం గీతలను మింగేసింది. దాన్ని సరిచేయగానే సగం బాగుపడింది.

మిగతా సగానికి నా ప్రింటరుకే సొంతంగా ప్రొఫైల్ చేయించాను. టీసీ 9.18 అనే చార్టులో 918 రంగు గళ్లు ఉంటాయి. ఏ రంగు దిద్దుబాటూ లేకుండా దాన్ని అచ్చు వేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, రెండు అట్టల మధ్య పెట్టుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లాను. అక్కడ తెలిసిన ఒకతని దగ్గర రంగులు కొలిచే పరికరం ఉంది. గంట పని. ఆ ప్రొఫైల్‌తో వేసిన చేతిలో వేళ్లు విడిగా కనిపించాయి, గోళ్ల దగ్గర గీత సహా. కాగితానికి అందని రంగులను సర్దే పద్ధతుల్లో పెర్సెప్చువల్ కన్నా రెలెటివ్ కలరిమెట్రిక్, ముదురు నీడలను కాగితం నలుపుకు సర్దే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌తో, ఈ బొమ్మకు బాగా కుదిరింది. చవలకొడి అనే మొక్క నుంచి తీసే ఎరుపు మాత్రం ఇప్పటికీ గుడ్డ మీద ఉన్నంత వెచ్చగా రాలేదని నా నమ్మకం.

అప్పుడు సాఫ్ట్‌వేర్ ప్రశ్న తేలికైంది. రంగు కోసం కాదు, పని కోసం చూసుకున్నాను. మా ప్రింట్లు ఎక్కువగా 20 బై 30 అంగుళాలు. ఒక్కొక్కటే అడ్డంగా వేస్తే, మధ్య ఖాళీతో కలిపి ఒక్కోదానికి 21 అంగుళాల పొడవు పోతుంది. 12 మీటర్ల రోల్‌లో 22 వస్తాయి. రెండేసి పక్కపక్కన నిలువుగా పేరిస్తే వరసకు 31 అంగుళాలు, 15 వరసలు, అంటే 30 ప్రింట్లు. ఒక రోల్‌కు ఎనిమిది ప్రింట్లు ఎక్కువ! కిమేజ్ ఈ పేర్పు తనే చేస్తుంది. ప్రింట్ లేఅవుట్‌లో ఒకటీ అరా వేయడానికి ఇబ్బంది లేదు కానీ వేర్వేరు సైజుల ఆర్డర్లు కలిపి పెట్టడానికి నాకు కిమేజే సులువనిపించింది.

రెండోది గీతల సంగతి. నా 45 మెగాపిక్సెల్ ఫైలు పొడవు 8256 పిక్సెళ్లు. 30 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 275. ఎప్సన్‌కు కావాల్సింది 360 లేదా 720. ఆ తేడాను ఎవరో ఒకరు పూడ్చాలి. డ్రైవర్‌కు వదిలేసినప్పుడు విల్లు వంపులో గీత మెట్లు మెట్లుగా వచ్చింది. భూతద్దంలోనే కనిపించింది అనుకోండి, కానీ కలంతో గీసిన గీతకు ప్రాణం ఆ వంపే. కిమేజ్ ప్రింటరుకు తగిన లెక్కకు పెంచి, పదును పెట్టి పంపుతుంది. వేసిన పనిని దాచుకుంటుంది కూడా. ఆరు నెలల తర్వాత ఎవరైనా అదే ప్రింటు అడిగితే, అదే ప్రొఫైల్, అదే సైజు, అదే సెట్టింగులతో తెరుచుకుంటుంది. సంతకం పెట్టి నంబరు వేసే ప్రింట్లకు ఇది చాలా ముఖ్యం.

ఇమేజ్‌ప్రింట్, మిరాజ్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్లు కూడా చూశాను. ఇమేజ్‌ప్రింట్‌తో చాలా కాగితాలకు సిద్ధం చేసిన ప్రొఫైళ్లు వస్తాయి. రోజుకు నాలుగు రకాల కాగితాలు మార్చేవాళ్లకు, చెన్నై ప్రయాణం వద్దనుకునేవాళ్లకు అది సరైనది. మిరాజ్ ఫొటోషాప్‌లోంచే పనిచేస్తుంది, వాడకం హాయిగా ఉంది. నాది ఒకే కాగితం, ఒకే ప్రింటరు. అంత ఖర్చు నా పనికి అక్కర్లేదనిపించింది.

కొత్త ప్రింటు తీసుకుని మళ్లీ శ్రీకాళహస్తి వెళ్లాను. పెద్దాయన అసలు గుడ్డను కూడా పెట్టెలోంచి తీసి పక్కన పరిచారు. వేళ్లు చూశారు, విల్లు చూశారు, చాలాసేపు అంచు దగ్గర ఆగారు. "ఎరుపు కొంచెం చల్లగా ఉంది. మిగతాది నాదే" అన్నారు. సంతకానికి పెన్సిల్ అడిగారు. ఎరుపు కోసం వచ్చే నెల ఆ ముక్కను ఒక్కటే విడిగా దిద్ది మళ్లీ వేయబోతున్నాను. అంతవరకు ఈ బొమ్మ అమ్మకానికి పెట్టడం లేదు.