గుట్ట మీద మేపు, గుట్ట కింద నీళ్లు

బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ 1997 శ్వేతపత్రంతో, పేదల బతుకుకు ఆధారమైన ఆస్తులన్నిటినీ కలిపి చూసే సుస్థిర జీవనోపాధుల విధానాన్ని చేపట్టింది. ఆ శాఖ నిధులతోనే ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్టు నడిచింది. ఆ రోజుల్లో అనంతపురం పల్లెల్లో పనిచేసిన అనుభవం ఇప్పటికీ నా ఆలోచనను నడిపిస్తోంది.

మానవ, సామాజిక, సహజ, భౌతిక, ఆర్థిక ఆస్తులంటూ శిక్షణలో పంచభుజి గీసి చూపేవారు. పల్లెలో మాత్రం ఒకరి ఆస్తి పెరిగినచోటే మరొకరిది తరిగిపోవచ్చు. గుట్ట మీద మొక్కలు నాటి, మేకలను రానివ్వకూడదని ఊరంతా తీర్మానిస్తే, దిగువన బోరున్న రైతుకు నీళ్లు పెరగవచ్చు. సెంటు భూమి కూడా లేని కాపరికి వేసవి మేపు పోతుంది. ఒక సమావేశంలో వెనక కూర్చున్న ఒకామె లేచి, "నీళ్లొస్తే సంతోషమే సార్, నా మేకల్ని యాడికి తోలుకుపోవాల?" అని నిలదీసింది.

ఆ తర్వాతే గుట్టలో కొంత భాగాన్ని వంతులవారీగా తెరిచి ఉంచడం, మూసిన భాగంలో గడ్డి కోసుకునే హక్కును భూమిలేని కుటుంబాలకు ఇవ్వడం, మహిళా సంఘం ద్వారా అప్పు అందించడం చర్చకు వచ్చాయి. భూమి ఉన్నవారితో ఈ ఒప్పందం కుదర్చడం చెక్‌డ్యాం కట్టడంకన్నా ఎంతో కష్టమైన పని, కానీ చేసిన పనిని నమోదు చేసే కొలతల పుస్తకంలో దానికి గడి ఉండేది కాదు. పనిని ఘనపు మీటర్లలో కొలిచి బిల్లు పెట్టే పద్ధతి మారకుండా, ఈ విధానం పేదల ఇంటిదాకా చేరదని నేను గట్టిగా నమ్ముతున్నాను.