గంటస్తంభం బజారు, ఓ బుధవారం

ఈ రోజు పండగా కాదు, ముహూర్తమూ లేదు. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి నుంచి గంటస్తంభం దాకా ఉన్న బజారు అసలు ముఖం ఇలాంటి రోజునే కనబడుతుంది. నిన్న మంగళవారం పైడితల్లి అమ్మవారి గుడికి వచ్చిన జనం సద్దుమణిగారు. కొట్ల ముందు నీళ్లు చల్లి ముగ్గులు పెట్టేశారు. బోణీ కాకుండా అప్పు అడక్కూడదన్న కట్టు ఇంకా ఉంది.

ఇక్కడి పాత కొట్లు ముందు సన్నం, లోపలికి పొడవు. ముందు బేరం, మధ్యలో సరుకు, వెనక కాపురం. మోకాలెత్తు అరుగు రెండు పనులకు: కొనేవాళ్లు కూర్చోడానికి, వాన నీరు గడప దాటకుండా. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే రోడ్డు లేస్తుంది, అరుగు కుంగినట్టవుతుంది, నీళ్లు గోనెసంచుల కిందికొస్తాయి. ముందు గీకి ఆ తరవాత వేయాలి, అంతే. పలక తలుపుల సందుల్లోంచి రాత్రంతా గాలి ఆడేది. ఇనప షట్టర్లు వచ్చాక పప్పులకు చెమ్మ పడుతోంది.

పక్క సందులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూత, అంటే లోపల తగరం పూయడం.

"ఏటి బాబూ, గుండిగకి ఎంతవుద్ది?"

"లోపల చూడనీ తల్లీ, అప్పుడు చెప్తాను."

చూడాల్సిందే మరి. చింతపండు, ఇసక వేసి తోమి చిలుము, జిడ్డు పూర్తిగా వదిలించాలి. బొగ్గుల మీద పెట్టి తిత్తి ఊదుతారు. తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది. అక్కడ థర్మామీటరు లేదు, కంటి అంచనాయే. చిటికెడు నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) చల్లగానే తెల్లపొగ లేస్తుంది. ఆ క్షణంలోనే తగరం కడ్డీ తాకించి, దూదితో అడుగు నుంచి అంచుకి తిప్పుతారు. పసుపు మీద వెండి పాకినట్టే ఉంటుంది, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. వేడి చాలకపోతే తగరం ముద్దకడుతుంది, మించితే మసకబారుతుంది. జిడ్డు మిగిలిన చోట అసలు అంటదు. పులుసు కిలమెక్కేది ఆ చుక్క దగ్గరే. మంచి తగరం కడ్డీని చెవి దగ్గర వంచితే కరకరమంటుంది. సీసం బాగా కలిపితే ఆ చప్పుడు రాదు. ఇంటికి తీసుకెళ్లాక ఖాళీగా పొయ్యి మీద పెట్టొద్దు, పూత కరిగి జారుతుంది. స్టీలు పీచుతో తోమొద్దు.

గంటస్తంభం 1885 నాటిది. ఎనిమిది పలకల కట్టడం, 68 అడుగుల ఎత్తు. ఫ్లెక్సీలు, కేబుళ్లు అడ్డొచ్చి కింద నుంచి సగమే కనిపిస్తోంది. రంగులెయ్యడం కన్నా ముందు ఆ తీగలు తియ్యాలి.

దీపాలు పెట్టేశారు. ఇప్పుడు సూదులడిగితే ఇవ్వరు. "రేపు పొద్దున్న రామ్మా."