అంటుకట్టబడిన కొమ్మలం మనం

యూదులు క్రీస్తును కాదన్నారు కాబట్టి దేవుడు వారిని విడిచిపెట్టి వారి స్థానంలో మనలను పెట్టుకున్నాడన్న మాట మన ఒంగోలు వైపు సంఘాల్లో తరచు వినిపిస్తుంది. చెప్పేవారు కృతజ్ఞతతోనే చెబుతారు, వినేవారు ఆమెన్ అంటారు. అయినా రోమా పత్రిక 11వ అధ్యాయం ముందు ఆ మాట నిలవదని నా నమ్మకం. దేవుడు తన ప్రజలను విసర్జించాడా అని, ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు తానే ప్రశ్న వేసి, అట్లనరాదని వెంటనే జవాబిచ్చి, తానూ ఇశ్రాయేలీయుడనే, బెన్యామీను గోత్రికుడనే అని తనను తానే రుజువుగా చూపించాడు.

అదే అధ్యాయంలోని ఒలీవ చెట్టు సంగతి మనవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఉలవపాడు వైపు మామిడి రైతులకు అంటుకట్టడం తెలిసిన పనే. నాటు టెంక నుంచి మొలిచిన మొక్కను వేరు కోసం ఉంచుకొని, దాని తల కోసి, మంచి కాపు కాసే బంగినపల్లి పుల్లను ఏటవాలుగా చెక్కి, చీలికలో దించి, నీరు చొరబడకుండా గట్టిగా చుట్టి కడతారు. వేరు నాటుది, కొమ్మ మేలుది. పౌలు చెప్పింది దీనికి పూర్తిగా తలకిందులు: మేలైన చెట్టుకు, అంటే ఇశ్రాయేలుకు, అడవి ఒలీవ కొమ్మను, అంటే యూదులు కాని మనలను, అంటుకట్టడం. అది స్వభావానికి విరుద్ధమని ఆయనే అన్నాడు. కొమ్మలో ఏదో మంచి గుణం చూసి చేసిన పని కాదు గనుకనే దానికి కృప అని పేరు. అబ్రాహాముకు చేసిన వాగ్దానం, ప్రవక్తలు, మనం ఆదివారం చదువుకునే కీర్తనలు, శరీరరీత్యా క్రీస్తు కూడా ఆ చెట్టు నుంచి వచ్చినవారే, వచ్చినవే. అలాంటప్పుడు విరిగిపోయిన కొమ్మలను, అంటే నమ్మని యూదులను చూసి అతిశయించడానికి మనకేం హక్కుంది? దేవుడు వాటిని మళ్లీ అంటుకట్టగలడని కూడా అక్కడే రాసి ఉంది.

అలాగని యూదులకు ఒక దారి, అన్యజనులకు, అంటే యూదులు కానివారికి, మరొక దారి ఉందని పౌలు ఎక్కడా అనలేదు. తన స్వజనుల కోసం తానే క్రీస్తు నుండి వేరై శాపగ్రస్తుడైనా కావాలని కోరుకున్న మనిషి, వారికి క్రీస్తు అక్కరలేదని ఎలా అనగలడు?

ఈ అతిశయం యూదుల విషయంతోనే ఆగదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. అంతకు ముందే, మాదిగలను చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు అడ్డు చెప్పినప్పుడు, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరా ఆయన భార్యా మొదటి కొరింథీ పత్రికలో దేవుడు ఎన్నికలేనివారిని ఏర్పరచుకున్నాడన్న వచనాలను చూసి, వారిని తోసివేయకూడదని తీర్మానించుకున్నారు. అంతియొకయలో జరిగిన తగవూ ఇలాంటిదే. రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట అన్యజనులతో కలిసి తిన్న పేతురే, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి మనుషులు రాగానే భయపడి పంక్తి నుంచి తప్పుకుంటే, బర్నబా సైతం ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. పౌలు దాన్ని మర్యాదల విషయంగా సర్దుకోక, సువార్త సత్యానికే విరుద్ధమని అందరి ఎదుట ముఖం మీదే చెప్పాడు. ప్రభువు బల్లలో కలిసి పాలుపొంది, పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి కులం అడిగే మన సంఘాలు గలతీ పత్రిక 2వ అధ్యాయాన్ని ఇంకా ఎక్కువసార్లు చదవాలి.

ఎఫెసీ పత్రికలో క్రీస్తు పడగొట్టాడని చెప్పిన మధ్యగోడ వినగానే నాకు యెరూషలేము దేవాలయంలోని అడ్డుగోడ గుర్తుకొస్తుంది. దాన్ని దాటిన అన్యజనుడు తన చావుకు తానే బాధ్యుడని గ్రీకులో చెక్కిన రాతిపలక 1871లో దొరికింది. ఎఫెసువాడైన త్రోఫిమును ఆ దేవాలయంలోకి తెచ్చాడన్న అనుమానంతోనే జనం పౌలును పట్టుకొని బయటికి ఈడ్చి చంపబోయారు. అప్పుడు ఆయన యెరూషలేముకు వచ్చింది, అక్కడి బీద విశ్వాసుల కోసం మాసిదోనియ, అకయ ప్రాంతాల అన్యజన సంఘాలు పోగుచేసిన చందాను అందజేయడానికి. యూదుల ఆత్మసంబంధమైన మేళ్లలో పాలు పొందినవారు వారికి ఋణస్థులని, ఆ ప్రయాణానికి ముందే ఆయన రోమా సంఘానికి రాసి ఉన్నాడు.